మాస్టారి కుడిచెయ్యి

పొద్దున్న ఆరయ్యేసరికి మాస్టారు పాలగిన్నెని కుడి అరచేతిలో పెట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడతారు. మూడో నిమిషానికి గిన్నె అంచుల్లో చిన్న చిన్న బుడగలు లేస్తాయి. నాలుగో నిమిషానికి పొంగొస్తుంది. అప్పుడు గిన్నె గట్టు మీదకి దించి, టీపొడి వేసి, మళ్లీ చేతిలోకి తీసుకుని ఇంకొక ఉడుకు రానిచ్చి, వడగట్టుకుని తాగుతారు. పక్కనే స్టవ్వుంది, సిలిండరు నిండుగా ఉంది. దాన్ని వెలిగించి ఏడాది దాటింది.

సరిగ్గా ఆ వేళకే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి ఓ చొక్కా అందిస్తుంది. "అన్నయ్యగారూ, మా ఆయనకి ఆఫీసు టైమైపోతోంది, కాలరు చూస్తే ఇంకా తడిగానే ఉంది. ఒక్కసారి అదిమి ఇవ్వరూ?" అంటుంది. మాస్టారు అదుముతారు. ఆవిరి లేస్తుంది. "మీ చెయ్యి పడితే మడత సాయంత్రం దాకా చెక్కుచెదరదు సుమండీ" అని మెచ్చుకుని వెళ్లిపోతుందావిడ. ఆ చెయ్యి ఎందుకలా కాలుతోందని ఆవిడే కాదు, ఎవరూ అడగలేదు. డాక్టరు 'కుడిచెయ్యి, వేడి' అని కాయితం మీద రాసుకుని, ప్లాస్టిక్ మగ్గులు ముట్టుకోవద్దని చెప్పి పంపించాడు. బ్యాంకులో ఈయనకోసం ఓ ఉక్కు కలం విడిగా ఉంచారు. కొందరికి మోకాళ్ల నొప్పులు, కొందరికి షుగరు, మాస్టారికి చెయ్యి. అంతే.

ఆ అరచేతి గీతల్లో వెండిరంగు మరకలున్నాయి. రుద్దితే పోవు, గీకితే పోవు. వాటి సంగతీ ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే బావుణ్నని మాస్టారికి లోపల్లోపల ఉండేది. అడగకుండా నోరు తెరిచి చెప్పడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

ముప్ఫై ఏళ్లు కుర్రాళ్లకి ఫిట్టర్ పని నేర్పిన మనిషి ఆయన. అందుకే ఊరంతా మాస్టారనే పిలుస్తుంది. ఆకురాయి పట్టడం, మర బిగించడం ఆయన దగ్గరే చూడాలి. కానీ ఆ నైపుణ్యమంతా బడిలోనే. ఇంటికొచ్చేసరికి ఆయన నోట ఒకటే మాట: "సరిపోతుందిలే." ఆయన బాగుచేసిన టేబుల్ ఫ్యాను ఒకవైపుకే తిరిగేది. ఇంటావిడ కుర్చీ తెచ్చుకుని ఆ వైపే కూర్చునేది. ఆయన బాగుచేసిన గడియారం ఏడు నిమిషాలు ముందు నడిచేది. ఆవిడ మనసులోనే ఏడు తీసేసుకునేది. బయటి మెకానిక్కుని గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. "నాకు చేతుల్లేవా?" అనేవారు. చేతులున్నాయి, కాదన్నదెవరు? ఓపికే లేదు మహానుభావుడికి.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఏమవుతుంది? తూకం యంత్రాలు సరిచూసే ఉద్యోగంలో చేరింది. చిన్న పెట్టెలో ఇత్తడి తూకపురాళ్లు, ఓ ఎలక్ట్రానిక్ తక్కెడ, సందుల్లోకి చూడ్డానికి పొడుగు కాడకి బిగించిన గుండ్రటి అద్దం పెట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతుంది. అర గ్రాము తేడా వచ్చినా ఊరుకోదు. ఊరికి ఆ చివర అద్దెగదిలో ఉంటుంది. తల్లి ఉన్నన్నాళ్లూ రోజుమార్చి రోజు వచ్చేది. తల్లి పోయాక నెలకోసారి, అదీ గుమ్మం దగ్గర నిలబడి, "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగి వెళ్లేది. అంతకుముందు తండ్రిని నువ్వనే పిలిచేది.

తల్లి పోయింది కార్లో, ఒక్కతే నడుపుకుంటూ వెళ్తుండగా. వంతెన మీద లారీ అడ్డం తిరిగి, మిట్టమధ్యాహ్నం నలభై నిమిషాలు బండ్లన్నీ ఆగిపోయాయి. ఆవిడది బలహీనమైన గుండె. ఎండదెబ్బ తగిలిందన్నారు. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకుంటే, చనిపోయి మూడు గంటలైనా అది పెనంలా కాలుతూ ఉంది. చూస్తూండగానే ఆ చెయ్యి చల్లబడింది. ఈయన చెయ్యి వేడెక్కింది. ఆ వేడి మరి దిగలేదు.

కారు మాత్రం ఏడాదిగా పెరట్లో ముసుగేసుకుని ఉంది.

ఎండలు మళ్లీ ముదిరిన రోజుల్లో ఒక సోమవారం కూతురు సంచితో సహా వచ్చింది. బదిలీ అయిందట. పది గంటల ప్రయాణమట. వారం రోజులు ఇక్కడే ఉండి తల్లి బట్టలు, సామాన్లు సర్దేసి ఆదివారం వెళ్లిపోతుందట.

"ఆదివారం పొద్దున్న పాత కార్లాయన వస్తాడు. కారు ఇచ్చేద్దాం. విడగొట్టి ఏం కావాలంటే అది తీసుకుంటాడు" అంది.

మాస్టారు లోపల్లోపల లెక్కేసుకున్నారు. సామాన్లు పోయి, కారు పోయాక ఇంక ఈ పిల్ల ఈ గుమ్మంలోకి దేనికొస్తుంది? తన ముఖం చూడ్డానికైతే ఎలాగూ రాదు. చెప్పాల్సిన ముక్క ఒకటి ఏడాదిగా గొంతులో ఉండిపోయింది. ఆదివారం దాటితే అది తనతోనే పోతుంది. చెబితే ఇప్పుడే పోతుందీ పిల్ల. చెప్పకపోతే ఆదివారం పోతుంది.

"విడగొట్టడం ఎందుకమ్మడూ, నడిచే బండి! ఏసీ ఒక్కటి బాగుచేస్తే ఎవరో ఒకరు ఎక్కుతారు" అన్నారు.

కూతురు పెరట్లోకెళ్లి ముసుగు అంచు ఎత్తి చూసింది. "సరే. కానీ నేను పక్కనే ఉంటాను. మీ సరిపోతుందిలేలు కుదరవు" అంది.

మంగళవారం పొద్దున్న ముసుగు తీశారు. బానెట్ ఎత్తితే లోపల ఎండుటాకులు, ఒక ఉడత గూడు. మాస్టారు పానాలన్నీ గుడ్డ మీద వరసగా పేర్చారు. ఇనుప పిడివి కుడిపక్కన, ప్లాస్టిక్ పిడివి ఎడంపక్కన. కూతురు నోటుబుక్కు తెరిచింది. గేజీ తగిలిస్తే సూది సున్నా మీదే పడుకుని ఉంది. లోపల గ్యాసన్నదే లేదు.

"ఎక్కడ పోయింది?" అంది కూతురు.

"ఏడాదిగా కదలకుండా ఉందిగా, రబ్బరు రింగులు ఎండిపోయుంటాయి" అన్నారు మాస్టారు, ముఖం బానెట్ లోపలికి పెట్టి.

ఎక్కడ పోయిందో ఆయనకి తెలుసు. కంప్రెసర్ నుంచి వచ్చే అల్యూమినియం పైపుకి కింద ఓ క్లిప్పుంది. అది రాసుకుని రాసుకుని పైపుకి సూదిమొనంత రంధ్రం పడింది. పోయినేడాది ఆయనే కనిపెట్టారు. కనిపెట్టి చేసిన నిర్వాకం కూడా ఆ క్లిప్పు వెనకాలే ఉంది, వెండిరంగులో. పైనుంచి చూస్తే కనబడదు.

కనబడకపోయినా మాస్టారికి భయం వేసింది. మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది! "పైపు చుట్టూ ఇనుమంతా తుప్పు పట్టిందమ్మడూ. ఇంజను వేడి తగిలే చోటు కదా, వేడికి ఆగే నల్లరంగు ఓ డబ్బా తెచ్చి మొత్తం ఓ పూత వేసేద్దాం" అన్నారు. నల్లరంగు కింద వెండిరంగు దాగిపోతుందని ఆయన ఆశ.

"పదండి, నేనూ వస్తాను" అంది కూతురు. రావద్దని ఎలా అంటారు? స్కూటరు నడిపేది ఆ పిల్లే. మాస్టారు పడితే పిడి తొడుగు కరిగి కారిపోతుంది. వెనక కూర్చుని కుడిచెయ్యి గాలికి చాపి పెట్టుకున్నారు.

రంగుల కొట్టాయన మాస్టారికి పాత పరిచయం. మూత తీయని డబ్బా చూసి లోపలేముందో చెప్పగలడు. మాటకారి కూడా. "రండి మాస్టారూ! అమ్మాయిగారు కూడానా!" అని స్టూలు జరిపి, డబ్బాలు దించాడు. "ఇది రెండొందల డిగ్రీల దాకా ఆగుతుంది, ఇంజను పైన వేసుకోవచ్చు. ఈ నలుపు మూడొందలకి. సైలెన్సర్ పైపులకైతే ఇదిగో ఈ వెండిరంగు, ఆరొందలు. ఏదైనా సరే, ముందు ఉప్పుకాయితంతో బాగా గీకాలి, జిడ్డు తుడవాలి, పల్చటి పూతలు వెయ్యాలి. ఆరితే అయిపోయిందనుకుంటారు జనం. కాదు. వేడి మీద కాల్చాలి. కాల్చాకే గట్టిపడుతుంది. అప్పటిదాకా అది ఉత్త పూతే."

"నలుపు ఇచ్చెయ్యి" అన్నారు మాస్టారు గబగబా.

"ఇస్తాను గానీ, పోయినేడాది చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నా, ఏమీ అనుకోకండి. ఇది వేడికి తట్టుకునే రంగు మాస్టారూ, లీకు ఆపే మందు కాదు. ఏసీ పైపు రంధ్రానికి పూస్తానంటే మాత్రం ఈసారి నేనివ్వను. అప్పుడూ వద్దనే అన్నాను. మీరు వింటేనా? ఆరొందల డిగ్రీలకి లొంగనిది గ్యాసుకి లొంగుతుందా అని నన్నే దబాయించి పట్టుకెళ్లారు." అని నవ్వాడు. పాపం, అతనికేం తెలుసు! "ఇంతకీ ఆగిందా అది?"

 మాస్టారు అప్పటికే అందుకున్న నల్లరంగు డబ్బా ఆయన కుడిచేతిలో బుసబుసమంటుంటే కొట్టాయన కంగారుగా లాక్కున్నాడు.

 ఇంటికి రాగానే కూతురు తన తనిఖీ పెట్టె తెరిచి పొడుగు కాడ అద్దం తీసింది, టార్చి తీసింది. కారు ముందు బోర్లా పడుకుని అద్దాన్ని పైపు వెంబడే క్లిప్పు వెనక్కి పోనిచ్చింది. మాస్టారు తలుపు దగ్గర నిలబడిపోయారు. 

లేచి చీర దులుపుకోలేదు కూతురు. మోకాళ్లకి మట్టి అలాగే ఉంది. తనిఖీకి వెళ్లిన చోట అడిగినట్టే అడిగింది.

"ఎన్ని పూతలు?"

"మూడు."

"కాల్చారా?"

"లేదు. ఇంజను వేడికి అదే కాలుతుందనుకున్నాను."

"ఎన్నాళ్లు ఆగింది?"

"ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు మీ అమ్మ ఆస్పత్రికి బయల్దేరింది."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. బాగుచేశానన్నాను. ఫస్ట్ క్లాసుగా ఉంది, నువ్వెళ్లిరా అన్నాను. నేనే తీసుకెళ్లాల్సింది. ఎవరిదో మిక్సీ విప్పి పెట్టుకుని కూర్చున్నాను."

కూతురు అద్దం కాడని రెండు చేతులా పట్టుకుంది. "ఆ రోజు అమ్మ మీతో నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఫోన్లో చూశాను. జామ్‌లో ఇరుక్కున్నానని చెప్పిందన్నారు. ఆ ఒక్క ముక్కకి నాలుగు నిమిషాలా?"

అడిగింది. ఏడాదికి అడిగే మనిషి దొరికింది. మాస్టారు చెప్పేశారు.

"ఏవండీ, గాలి వేడిగా వస్తోందండీ అంది. ఆపి మళ్లీ వెయ్యమన్నాను. వేసింది. రావట్లేదంది. అద్దాలు దించనా అని అడిగింది. దించకు, ఉన్న కాస్త చల్లదనం పోతుంది, రెండు నిమిషాలు ఓపిక పట్టు, అదే అందుకుంటుంది అన్నాను. సరేనండీ అంది."

పెరట్లో ఉడత ఒకటి గూడు కోసం కారు చుట్టూ తిరుగుతోంది.

"నేను వెళ్లేసరికి అద్దాలన్నీ పైకే ఉన్నాయి" అంది కూతురు.  "ఏడాదిగా నాకు అదే ఆలోచన. చేతికి అందేంత దూరంలో మీట ఉంది, అమ్మ అద్దాలెందుకు దించలేదు అని. మతి తప్పిందేమో అనుకున్నాను. బతకాలని లేదేమో అని కూడా అనుకున్నాను, తెలుసా మీకు? అమ్మని అలా అనుకున్నాను నేను!"

లోపలికి వెళ్లి తల్లి గది తలుపేసుకుంది. వీధిలోకి వినబడేలా ఏడ్చింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. మాస్టారు కాసేపు పానాల దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాత లేచి కారు తలుపు తీసి, ఇంటావిడ కూర్చున్న సీట్లో కూర్చున్నారు. తలుపేసుకున్నారు. నాలుగు అద్దాలూ పైకే ఉన్నాయి. గడియారం చూసుకున్నారు. నలభై నిమిషాలు.

ఐదో నిమిషానికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పదో నిమిషానికి సీటు కాలింది, ఊపిరి కాలింది. ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి ఉన్న వేడికి ఇంకా వేడి కలిపింది. ఆవిడ ఇక్కడే కూర్చుని, ఇదే స్టీరింగు చూస్తూ, రెండు నిమిషాలన్నారు కదా అని ఎదురుచూసింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆయన చెప్పిన ప్రతి రెండు నిమిషాలూ నమ్మింది ఆ పిచ్చిది. మాస్టారికి కళ్లు బైర్లు కమ్మాయి.

తలుపు ధడాల్న తెరుచుకుంది.

"దిగండి" అంది కూతురు.

"ఇంకా నలభై కాలేదమ్మడూ."

"దిగమన్నాను! ఏం చేస్తున్నారనుకుంటున్నారు మీరు? ఇద్దరు పోతే లెక్క సరిపోతుందనా?" చంక కింద చెయ్యేసి బయటికి లాగి, అరుగు నీడన కూర్చోబెట్టి, చెంబుడు నీళ్లు నెత్తిన కుమ్మరించింది. తానూ పక్కనే కూలబడింది. ఇద్దరూ రొప్పుతూ కూర్చున్నారు. గోడ మీంచి పిన్నిగారు తొంగిచూసి, తల వెనక్కి తీసుకుంది.

కూతురు ఖాళీ చెంబు కింద పెట్టి అంది, "మీరు నన్ను క్షమించమంటే నా వల్ల కాదు. ఇవాళ కాదు. ఎప్పటికవుతుందో కూడా తెలీదు."

"అడగట్లేదమ్మా."

"పైపు విప్పండి. ఎలా చెయ్యాలో అలా చెయ్యండి. మీకు చేతకాకేం కాదుగా?"

"చేతకాక కాదు" అన్నారు మాస్టారు. తల దించుకునే అన్నారు.

బుధవారం పొద్దున్న పని మొదలైంది. మాస్టారు పైపు విప్పి బల్ల మీద పెట్టారు. వెండిరంగుని ఉప్పుకాయితంతో గీకడానికి గంట పట్టింది. గట్టిది వెధవ రంగు. రంధ్రం దగ్గర మాత్రమే ఊడింది గానీ మిగతా అంతా పట్టుకునే ఉంది. తీగ బ్రష్షుతో రుద్ది లోహం తెల్లగా మెరిసేదాకా వదల్లేదు. బడిలో కుర్రాళ్లకి చెప్పినట్టే కూతురికీ చెప్పారు: "అతుకు కడ్డీని కాల్చకూడదు. పైపుని కాల్చాలి. పైపు సరిగ్గా వేడెక్కితే, కడ్డీ ఆనించగానే అదే కరిగి రంధ్రంలోకి దిగుతుంది. కడ్డీని కాల్చి పైన పోస్తే అది కూడా పూతే అవుతుంది."

"గ్యాస్ మంట తేనా?"

"అక్కర్లేదు."

కుడిచేత్తో పైపుని గుప్పిట పట్టుకున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రంధ్రం కనబడేలా పట్టుకున్నారు. కూతురు కడ్డీ పట్టుకుంది. పాలు కాగే వేడి చాలదు దానికి, కాలర్లు ఆరే వేడీ చాలదు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఏవండీ గాలి వేడిగా వస్తోందండీ. ఆపి మళ్లీ వెయ్యి. రావట్లేదండీ. అద్దాలు దించనా. ఏడాదిగా వద్దు వద్దని పక్కకి నెట్టిన ఆ నాలుగు నిమిషాల్నీ, ఈసారి నెట్టకుండా, మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నారు. పైపు మీద గాలి వణికింది.

"ఇప్పుడు పెట్టు" అన్నారు.

కూతురు కడ్డీ ఆనించింది. అది చుక్కగా కరిగి, రంధ్రం చుట్టూ తిరిగి, లోపలికి దిగిపోయింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. సరేనండీ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి మాస్టారి దవడలు బిగుసుకున్నాయి. ఆయన పట్టు వదల్లేదు. లోహం గట్టిపడి రంగు మారేదాకా అలాగే పట్టుకుని, అప్పుడు వదిలారు.

అరచేతిలోంచి వెండిరంగు పెచ్చులు పెచ్చులుగా బల్ల మీద రాలింది. కింద చర్మం లేతగా, ఎర్రగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఎడంపక్క ప్లాస్టిక్ పిడి పానా అందుకున్నారు. పిడి కరగలేదు. కూతురు అది చూసింది. చూసి తలతిప్పుకుంది.

గురువారం రబ్బరు రింగులన్నీ కొత్తవి వేశారు. తేమ పీల్చే డబ్బా, ఏడాదిగా చచ్చిపడున్న బ్యాటరీ మార్చారు. పంపు తగిలించి లోపలి గాలంతా గంటసేపు లాగేసి, పంపు ఆపి, సూదికి ఎదురుగా ఇద్దరూ కుర్చీలేసుకుని కూర్చున్నారు. మామూలుగా అయితే ఐదు నిమిషాలకే సరిపోతుందిలే అని లేచేవారాయన. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే, కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. మూడు గంటలు చూశారు. సూది వెంట్రుకవాసి కదల్లేదు.

గ్యాసు ఎక్కించేటప్పుడు కూతురు తన తక్కెడ తెచ్చింది. గ్యాసు డబ్బా దాని మీద పెట్టింది. "ఇదివరకు ఎలా కొలిచేవారు?"

"పైపు చల్లబడేదాకా ఎక్కించేవాణ్ని."

కూతురు నిట్టూర్చింది. అంకెలు చూస్తూ కూర్చుంది. సరిగ్గా నాలుగు వందల యాభై గ్రాముల దగ్గర, "చాలు" అంది. మాస్టారు మర కట్టేశారు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం కూతురు స్టీరింగు ముందు కూర్చుని, పక్క తలుపు తెరిచి పట్టుకుంది. మాస్టారు ఎక్కారు. గాలి వచ్చే చోట థర్మామీటరు గుచ్చింది. ఆరు డిగ్రీలు. వీధి దాటారు, పెద్ద రోడ్డెక్కారు, వంతెన మీదకొచ్చారు. ఆ రోజేం లారీ అడ్డం లేదు. అయినా కూతురు సరిగ్గా మధ్యలో బండి నెమ్మది చేసి, పక్కకి తీసి ఆపింది. బయట తారు మెత్తబడేంత ఎండ. లోపల చల్లగా, హాయిగా ఉంది. ఆ హాయి భరించడం ఇద్దరివల్లా కాలేదు.

"ఇంత చల్లగా ఉండాల్సింది" అంది కూతురు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మాస్టారు కుడిచెయ్యి ఎత్తి, ఆగారు. ఏడాదిగా ఆ చేత్తో ఎవర్నీ ముట్టుకోలేదు. మెల్లగా కూతురి వీపు మీద వేశారు. కూతురు ఉలిక్కిపడలేదు, చెయ్యి తీసెయ్యమనీ అనలేదు.

ఆదివారం పొద్దున్నే పాత కార్లాయన తాడూ, గొలుసూ వేసుకుని వచ్చాడు. కూతురు గేటు దగ్గరే ఎదురెళ్లి, "ఇవ్వట్లేదండీ. నేనే తీసుకెళ్తున్నాను" అని పంపేసింది. అతను కాసేపు గొణిగి వెళ్లిపోయాడు. సర్దేసి పంచగా మిగుల్చుకున్న తల్లి చీరలు మూడు, ఒకవైపుకే తిరిగే ఆ టేబుల్ ఫ్యాను వెనక సీట్లో పెట్టుకుంది. స్టీరింగు ముందు కూర్చుని, అద్దం దించింది.

"గ్యాస్ రెండు నెలలకోసారి చూపించాలి కదా?" అంది, ముందుకే చూస్తూ.

 అవునమ్మా అంటే చాలు. రెండు నెలలకోసారి ఈ గేటు ముందు కారు ఆగుతుంది. ఒక్క మాట. ఆ పిల్ల కూడా ఆ మాటకోసమే అడిగిందేమో! ఆయన అరచెయ్యి గుప్పిట మూశారు.

"అక్కర్లేదమ్మడూ" అన్నారు. "ఆ అతుకు పదేళ్లు కదలదు. చూపించాల్సిన పనే లేదు."

కూతురు తలతిప్పి ఆయన్ని చూసింది. ఆ వారంలో ముఖంలోకి చూడ్డం అదే మొదలు.

"అయినా చూపిస్తాను" అంది. "రెండు నెలలకి వస్తాను. నువ్వు మందులు మానకు."

అద్దం పైకెత్తుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్న ఆరింటికి మాస్టారు పాలగిన్నె కుడి అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. మూడు నిమిషాలైంది. నాలుగైంది. పాలు కదల్లేదు. తెలిసి కూడా పది నిమిషాలు అలాగే నిలబడ్డారు. గోడ మీంచి చొక్కా వచ్చింది. "పిన్నిగారూ, ఇంక ఈ చేత్తో అవదమ్మా" అన్నారు. "అలాగా, పోనీలెండి, ఫ్యాను కింద వేస్తాను" అని ఆవిడ చొక్కా వెనక్కి తీసుకుంది.

గిన్నె స్టవ్వు మీద పెట్టారు. గట్టు మీద వెతికారు, అరలో వెతికారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి, గది వైపు తిరిగి పిలిచారు.

"ఇదిగో, లైటరెక్కడ పెట్టావ్?"

ఏడాదిలో ఆ పిలుపు ఆ ఇంట్లో వినబడ్డం అదే మొదటిసారి. చెయ్యి కాలుతున్నన్నాళ్లూ పిలవాల్సిన అవసరం రాలేదు. ఇంటావిడ ఆ చేతిలోనే ఉన్నట్టుండేది. మాస్టారు గుమ్మం పట్టుకుని జవాబు కోసం చూశారు. గదిలో ఖాళీ బీరువా తలుపు తెరిచి ఉంది.

లైటరు స్టవ్వు పక్కన మేకుకే వేలాడుతోంది, ఎప్పుడూ ఉండే చోటే. వెలిగించారు. పాలు కాగాయి. టీ వడగట్టుకుని, గ్లాసుని కుడిచేత్తో పట్టుకున్నారు. చురుక్కున కాలింది. గ్లాసు గట్టు మీద పెట్టేసి, ఎర్రబడ్డ అరచేతిని ఊదుకుంటూ, ఆ కిటికీ దగ్గరే నిలబడి మాస్టారు వెక్కి వెక్కి ఏడ్చారు.